ఫిబ్రవరిలో అన్న మాట అక్టోబరులో వినబడుతుంది: సుదీర్ఘ ప్రైమరీలో పార్టీ చీలకుండా మాట్లాడటం ఎలా

మన దగ్గర టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. బీ-ఫారం ఒకరి చేతికి వచ్చాక అలిగినవాళ్ల బుజ్జగింపులు పదిహేను రోజుల ముచ్చట. కుదిరితే కుదురుతుంది, లేదంటే రెబెల్ నామినేషన్ పడుతుంది. అమెరికాలో అదే తగువు నెలల తరబడి, బహిరంగంగా, కెమెరాల ముందు, జనం ఓట్లతోనే సాగుతుంది. ఒకే పార్టీవాళ్లు జనవరి నుంచి జూన్ దాకా ఒకరి మీద ఒకరు టీవీ ప్రకటనలు వేసుకుని, నవంబరులో అందరూ కలిసి ఒక్క పేరుకు ఓటడగాలి.

పార్టీ అభ్యర్థిని రాష్ట్రాలవారీగా జనం ఓట్లతో తేల్చే ఈ పోటీలనే ప్రైమరీలంటారు. వాటిలో పనిచేసేవారి కోసం రాసిన పద్ధతులివి. ప్రసంగాలు రాసేవారికి, విలేఖరులతో మాట్లాడేవారికి, కౌంటీ కమిటీల్లో కూర్చునేవారికి, ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో తెలుగు ఇళ్లకు ఫోన్లు చేసే వాలంటీర్లకు. ఉదాహరణలు ఎక్కువగా 2008లో బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్ మధ్య జరిగిన డెమోక్రటిక్ పోటీవి. అది జనవరి 3న అయోవాలో మొదలై జూన్ 3న మోంటానా, సౌత్ డకోటాలతో ముగిసింది. చేయకూడనివీ, చేసి చక్కదిద్దుకున్నవీ రెండూ అందులో దొరుకుతాయి.

ముందు లెక్క, తర్వాతే మాట

ప్రసంగం రాసేవాడి బల్ల మీద మొదట ఉండాల్సింది, పార్టీ మహాసభలో అభ్యర్థిని ఓటేసి ఎన్నుకునే ప్రతినిధుల, అంటే డెలిగేట్ల పట్టిక. ఏ వారం ఎంత ఘాటుగా మాట్లాడాలో తేల్చేది అదే.

డెమోక్రటిక్ పార్టీలో ఒక రాష్ట్రంలో 15 శాతం ఓట్లు దాటినవారందరికీ డెలిగేట్లు వాటాల ప్రకారం వస్తాయి. 100 మంది డెలిగేట్లున్న రాష్ట్రంలో 55-45తో గెలిస్తే మీకు నికరంగా మిగిలేది పది మంది. అందుకే ముందున్నవాడు ఒక పట్టాన ఆట ముగించలేడు, వెనకబడినవాడు ఒక పట్టాన అందుకోలేడు. 2008 మార్చి 4న ఒహాయోలో క్లింటన్ ఎనిమిది పాయింట్లకు పైగా తేడాతో గెలిచారు. అయినా ఆమెకు అదనంగా వచ్చిన డెలిగేట్లు పదిలోపే. అదే రోజు టెక్సస్ ప్రైమరీ ఓట్లలోనూ ఆమెదే పైచేయి, కానీ కాకస్ (ఓటర్లు ఒకచోట సమావేశమై తేల్చే పద్ధతి) కూడా కలిపి చూస్తే ఎక్కువ డెలిగేట్లు ఒబామాకు వెళ్లాయి. రిపబ్లికన్లలో చాలా రాష్ట్రాలు మార్చి మధ్య నుంచి గెలిచినవాడికే మొత్తం డెలిగేట్లను కట్టబెడతాయి కాబట్టి వాళ్ల పోటీ సాధారణంగా ముందే తేలిపోతుంది.

ఇద్దరే మిగిలిన పోటీలో వేయాల్సిన లెక్క ఇది. ఇంకా తేలాల్సిన డెలిగేట్ల సంఖ్యకు మీరు వెనకబడిన సంఖ్య కలపండి, సగం చేయండి, దాన్ని తేలాల్సిన సంఖ్యతో భాగించండి. 600 మంది మిగిలి ఉండి మీరు 120 వెనకబడితే ఇకముందు ప్రతిచోటా సగటున 60 శాతం కావాలి. ఆ తేడా తగ్గకుండానే మిగిలినవి 300కి పడిపోతే కావాల్సింది 70 శాతం. 55 లోపు ఉంటే అది నిజమైన పోటీ, పోరాడండి. 60 దాటితే స్వరం మార్చే సమయం. 65 దాటాక ప్రత్యర్థి మీద కొత్త దాడి ప్రకటన తీయడమంటే గెలవడానికి కాదు, పగ తీర్చుకోవడానికే.

చాలా ప్రచారాలు పాడయ్యేది సరిగ్గా ఈ దశలోనే. లెక్క మూసుకుపోయినవాడికి ఒక్క దారే మిగులుతుంది: డెలిగేట్లలో ఎటూ తేల్చుకోనివారిని, పార్టీ పెద్దలను ‘అవతలివాడు నవంబరులో గెలవలేడు’ అని నమ్మించడం. దాంతో ‘నేను మెరుగు’ అన్న మాట కాస్తా ‘వాడు పనికిరాడు’గా మారిపోతుంది. స్వభావం చెడ్డదై కాదు, లెక్క అటు నెడుతుంది. 2008 ఫిబ్రవరిలో ఒబామా వరుసగా పదకొండు చోట్ల గెలిచాకే క్లింటన్ బృందం తెల్లవారుజామున 3 గంటలకు వైట్‌హౌస్‌లో ఫోన్ మోగే ప్రకటన తీసింది. ఆ తర్వాత వారంలోనే, సైన్యాధిపతి కాగల అర్హత తనకూ, రిపబ్లికన్ల అభ్యర్థి జాన్ మెకెయిన్‌కూ ఉందని, ఒబామా సంగతి ఆయన్నే అడగాలన్న అర్థంలో ఆమె మాట్లాడారు. సొంత పార్టీవాడి కంటే ఎదుటి పార్టీవాడే నయమని చెప్పడం అది. ఆగస్టులో డెన్వర్ మహాసభ జరిగే వారంలో మెకెయిన్ బృందం ఆమె మాటల్నీ, ఆమె ప్రకటననూ తన ప్రకటనల్లో పెట్టుకుంది. జో బైడెన్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించిన కొన్ని గంటల్లోనే, ఒబామా అనుభవం గురించి ప్రైమరీలో బైడెన్ అన్న మాటలకూ అదే గతి పట్టింది.

ఏ మాట వెనక్కి తీసుకోవచ్చు, ఏది తీసుకోలేం

విధానం మీద తగువు ఎంత గట్టిదైనా ఫర్వాలేదు. అది రాజీ కుదిరే వస్తువు. 2008లో ఆరోగ్య బీమా అందరికీ తప్పనిసరి చేయాలని క్లింటన్, పిల్లల వరకే చాలని ఒబామా వాదించుకున్నారు. ఒబామా బృందం పంపిన కరపత్రాల మీద ఆమె ఫిబ్రవరి 23న సిన్సినాటీలో బాహాటంగా మండిపడ్డారు. రెండేళ్ల తర్వాత ఒబామా సంతకం చేసిన చట్టంలో ఆ తప్పనిసరి నిబంధన ఉంది! తగువు పడ్డ విషయాన్నే గెలిచినవాడు తన కార్యక్రమంలోకి తీసుకోగలడు. ఓడినవాడి అనుచరులకు అంతకంటే పెద్ద గౌరవం లేదు.

గత రికార్డు మీద దాడి కూడా, మనిషిని వేరుచేసి చేస్తే చెల్లుతుంది. 2019 జూన్ 27 చర్చలో కమలా హారిస్, నల్ల, తెల్ల పిల్లలు కలిసి చదివేలా వారిని బస్సుల్లో వేరే బడులకు పంపే విషయంలో బైడెన్ 1970ల నాటి వైఖరిని కడిగేశారు. కానీ ఆ మాటలు మొదలుపెట్టిందే ‘మీరు జాత్యహంకారి అని నేననుకోను’ అన్న వాక్యంతో. చూసినవారికి దెబ్బ గట్టిగానే అనిపించింది. అయినా మరుసటి ఏడాది ఆగస్టులో ఆమెను ఉపాధ్యక్ష అభ్యర్థిగా తీసుకోవడానికి బైడెన్‌కు అది అడ్డం రాలేదు.

‘గెలవలేడు’ అన్నది నెమ్మదిగా ఎక్కే విషం. నిజమైనా అబద్ధమైనా సొంత కార్యకర్తల ఉత్సాహాన్ని తినేస్తుంది, విరాళాలు ఇచ్చేవారి చేతులు వెనక్కి లాగుతుంది. అది చెప్పాల్సి వస్తే మీ గురించి చెప్పుకోండి: ‘నేను పెన్సిల్వేనియాలో ఇలా గెలుస్తాను.’ అవతలివాడి గురించి చెప్పకండి.

ఇక అర్హత, నిజాయతీ, దేశభక్తి, మతం, జాతి, కుటుంబం. ఈ జాబితాలో దేన్ని తాకినా ఆ మాట మీది కాకుండా పోతుంది, ఎదుటి పార్టీ ఆస్తి అయిపోతుంది. తాకినవాడి ఉద్దేశం ఏమిటన్నది ఎవరికీ పట్టదు. 1988 ఏప్రిల్‌లో న్యూయార్క్ చర్చలో ఆల్ గోర్, మసాచుసెట్స్ జైళ్లలో ఖైదీలకు సెలవులిచ్చే పథకం గురించి ఆ రాష్ట్ర గవర్నరూ, తన తోటి డెమోక్రటిక్ పోటీదారూ అయిన మైకేల్ డుకాకిస్‌ను ఒక్క ప్రశ్న అడిగారు. గోర్ కొద్ది రోజులకే పోటీ నుంచి తప్పుకున్నారు. ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. సెలవు మీద వెళ్లి నేరం చేసిన ఒక ఖైదీ కథను ఆ శరదృతువులో రిపబ్లికన్ వర్గం డుకాకిస్ మీద ఇంటింటికీ చేర్చింది. 2012లో మిట్ రామ్నీ నడిపిన పెట్టుబడి సంస్థ మీద తోటి రిపబ్లికన్లే విరుచుకుపడ్డారు. రిక్ పెర్రీ దాన్ని రాబందుల వ్యాపారంతో పోల్చారు, న్యూట్ గింగ్రిచ్ మద్దతుదారులు అరగంట చిత్రమే తీశారు. వేసవిలో ఒబామా బృందానికి కొత్తగా పరిశోధన చేయాల్సిన పని పెద్దగా లేకపోయింది. ‘మీవాళ్లే అన్నారు కదా’ అంటే చాలు.

మొద్దుబారిన మాట కంటే చమత్కారమే ప్రమాదం, ఎందుకంటే అది గుర్తుంటుంది. 1980లో సీనియర్ జార్జి బుష్ రొనాల్డ్ రీగన్ ఆర్థిక విధానాన్ని చేతబడి అన్నట్టుగా వెక్కిరించారు. అదే ఏడాది రీగన్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలిచి గెలిచారు. ఆ మాట మాత్రం ఉపాధ్యక్షుడిగా ఉన్న ఎనిమిదేళ్లూ ఆయన వెంటే నడిచింది.

ప్రైమరీలో నిలబడనివారికి కూడా ఇదే వర్తిస్తుంది. 2016లో డొనాల్డ్ ట్రంప్‌ను గట్టిగా విమర్శించిన జె.డి. వాన్స్, 2024 జూలై 15న ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యారు. రెండు రోజుల తర్వాత మిల్వాకీ మహాసభ వేదిక మీద ఆయన్ను పరిచయం చేసింది ఆయన భార్య, మన తెలుగు మూలాలున్న ఉషా చిలుకూరి. ఆ పాత మాటలకు ఆయన బహిరంగంగా విచారం చెప్పుకోవాల్సి వచ్చింది. ప్రతి ఇంటర్వ్యూలోనూ అవి ఎదురొస్తూనే ఉన్నాయి.

వాక్యం బయటికి వెళ్లేముందు

పరీక్ష ఒక్కటే. రాసిన వాక్యంలోంచి మీ పేరు తీసేయండి. కింద ఎదుటి పార్టీ గుర్తు ఉన్నట్టు ఊహించుకుని, ప్రకటనలకు గొంతిచ్చేవాడిలా పైకి చదవండి. ఒక్క అక్షరం మార్చకుండా అక్టోబరు ప్రకటనకు సరిపోతే ఆ వాక్యం కొట్టేయండి. సగం సరిపోతే కర్త మార్చండి. ‘ఆయన’, ‘ఆవిడ’ స్థానంలో ‘ఆ బిల్లు’, ‘ఆ ఓటు’, ‘ఆ పన్ను ప్రతిపాదన’ వచ్చేలా చూడండి. తేదీ, అంకె చేర్చండి. తేదీ ఉన్న విమర్శ ఆ తేదీతోపాటే పాతబడుతుంది. విశేషణం ఎన్నటికీ పాతబడదు.

ఇలా చదివే పని ఇద్దరికి అప్పగించండి. ఒకరు వాస్తవాలు సరిచూసేవారు. రెండోవారు అవతలి శిబిరంలో స్నేహితులున్నవారు. రెండోవారిని ఎక్కువమంది పెట్టుకోరు. ‘ఇది చదివితే మా దోస్తు మళ్లీ నాతో మాట్లాడడు’ అని చెప్పగలిగేది మాత్రం ఆ మనిషే.

చర్చావేదిక మీద పొగడ్తలో ఎత్తిపొడుపు కలపకండి. 2008 జనవరి 5న న్యూహాంప్‌షైర్ చర్చలో, క్లింటన్ జనానికి నచ్చే మనిషేనా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఒబామా తల పూర్తిగా ఎత్తకుండానే ‘నచ్చేంత నచ్చుతావులే, హిల్లరీ’ అన్న ధోరణిలో జవాబిచ్చారు. మూడు రోజుల తర్వాత ఆ రాష్ట్రంలో ఆమె గెలిచారు. దానికి ఈ మాటే కారణమని ఎవరూ తూచి చెప్పలేరు గానీ, ఆ క్లిప్పు మాత్రం నెలల తరబడి తిరిగింది. దీనికి ఎదురు ఉదాహరణ 2015 అక్టోబరు 13న లాస్ వేగాస్‌లో కనబడింది. క్లింటన్ ఈమెయిల్స్ గొడవ గురించి విని విని జనం విసిగిపోయారని, ఆ ప్రైమరీలో ఆమె ప్రత్యర్థి బెర్నీ శాండర్స్ ఆమె పక్కనే నిలబడి అన్నారు. ఆ వేదిక మీద ఎక్కువ చప్పట్లు ఆ మాటకే పడ్డాయి. ప్రత్యర్థి మీద బురద వేయకపోవడం కూడా ఓట్లు తెచ్చే పనే.

వాలంటీర్ స్క్రిప్టుకు వద్దాం. తెలుగు ఇళ్లకు ఫోన్ చేసేవారు ఇంగ్లిష్ స్క్రిప్టు పక్కన పెట్టి సొంత మాటల్లో చెప్పడం మొదలుపెడతారు. అదుపు తప్పేది అక్కడే.

ఇలా వద్దు: ‘అంకుల్, ఆవిడొస్తే మన పని గోవిందా. ఆవిడకు వేసేకంటే ఇంట్లో కూర్చోవడం నయం.’

ఇలా చెప్పండి: ‘అంకుల్, ఇద్దరూ మన పార్టీవాళ్లే. చిన్న వ్యాపారాల పన్ను విషయంలో మా అభ్యర్థి ప్లాను ఇలా ఉంది, ఆవిడ ప్లాను ఇలా ఉంది. మీ షాపుకి ఏది కలిసొస్తుందో మీరే చూడండి.’

మొదటి రకం మాట విన్న పెద్దాయన ఆ సలహానే పాటిస్తాడు. నవంబరులో ఇంట్లో కూర్చుంటాడు. ‘మా అభ్యర్థి ఓడితే అవతలి అభ్యర్థికి వేస్తారా?’ అని ప్రైమరీ నెలల్లో ఎవర్నీ అడగకండి. కోపంలో ‘చస్తే వేయను’ అన్న మనిషి, తర్వాత కోపం తగ్గినా ఆ మాట మీద నిలబడాలని చూస్తాడు. నోరు తెరిచి అనకపోతే మనసు మార్చుకోవడం తేలిక.

ఓటర్ల జాబితాలో ఒకటి నుంచి ఐదు దాకా గుర్తులు పెడతారు కదా. ఒకటి అంటే గట్టి మద్దతు, ఐదు అంటే గట్టి వ్యతిరేకత. ప్రైమరీలో ఐదు అంటే మీ పార్టీ ప్రత్యర్థికి మద్దతు అని అర్థం, ఎదుటి పార్టీకి అని కాదు. ఈ రెండూ ఒకే గడిలో కలిసిపోతే వేసవిలో మీకు అత్యవసరంగా కావాల్సిన జాబితా చెత్తబుట్టలోకి పోతుంది. ప్రైమరీ గుర్తులకు ప్రత్యేకంగా ఒక గడి, పక్కన ఎవరికి మద్దతో పేరు ఉంచండి. నామినేషన్ తేలిన మర్నాడు ఆ నాలుగులూ ఐదులే మీరు మొదట ఫోన్ చేయాల్సినవారు.

ఇక వాట్సాప్ గ్రూపులు. ఊరి సంఘం, గుడి, బడి గ్రూపుల్లో రెండు శిబిరాలవారూ ఉంటారు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నది వాట్సాప్ కోసమే పుట్టిన సామెతలా ఉంటుంది. ప్రత్యర్థి మీద ఏదైనా ఫార్వర్డు చేయాలనిపిస్తే, దాన్ని అభ్యర్థి తన సొంత ఖాతాలో పెట్టారో లేదో చూడండి. పెట్టకపోతే మీరూ పెట్టకండి. టెక్సస్, జార్జియాల్లో ఓటరు నమోదులో పార్టీ పేరే ఉండదు, ఎవరైనా ఏదో ఒక ప్రైమరీలో ఓటేయవచ్చు. అంటే మీ గ్రూపులో ఎదుటి పార్టీ మనుషులు కూడా ఓటర్లే. మీ కొట్లాట ఎంత సాగితే వారికి అంత లాభం. 2008లో రేడియో వ్యాఖ్యాత రష్ లింబా, డెమోక్రాట్ల పోటీని సాగదీయడానికి వెళ్లి క్లింటన్‌కు ఓటేయండని రిపబ్లికన్ శ్రోతలను బాహాటంగానే పురమాయించారు. ఇంకో మాట, ఇది చట్టం విషయం. పౌరసత్వం, గ్రీన్ కార్డు రెండూ లేనివారు జీతం తీసుకోకుండా వాలంటీరుగా పనిచేయవచ్చు. విరాళం మాత్రం ఇవ్వకూడదు, ప్రచార నిర్ణయాల్లో పాలుపంచుకోకూడదు. హెచ్-1బి మీదున్న కుర్రాడి చేత ఉత్సాహంగా చెక్కు రాయించారో, అది మీ అభ్యర్థి మెడకు చుట్టుకుంటుంది.

నోరు జారినప్పుడు

నెలల తరబడి సాగే పోటీలో ఎవరో ఒకరు జారతారు. అభ్యర్థి కంటే ముందు సలహాదారులు, మద్దతుదారులు జారతారు. తేడా ఎంత త్వరగా సరిదిద్దారన్న దాంట్లోనే ఉంటుంది.

2008 మార్చి 7న ఒబామా విదేశాంగ సలహాదారు సమంతా పవర్, క్లింటన్‌ను రాక్షసి అన్న ఇంటర్వ్యూ స్కాట్లండ్ పత్రికలో వచ్చింది. అదే రోజు క్షమాపణ, అదే రోజు రాజీనామా. ఆ తర్వాత ఆమె భవిష్యత్తు ఏమీ చెడలేదు, 2013లో ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి అయ్యారు. కొద్ది రోజుల తేడాతో క్లింటన్ ఆర్థిక కమిటీలో ఉన్న జెరాల్డిన్ ఫెరారో, ఒబామా తన జాతి వల్లే ఇంతదాకా వచ్చారన్న అర్థంలో మాట్లాడారు. తప్పుకోలేదు సరికదా, టీవీల్లో తన మాటల్ని సమర్థించుకున్నారు. మార్చి 12న రాజీనామా చేసేసరికి గాయం పచ్చిగా కొన్ని రోజులు తెర మీదే ఉంది. రెండు తప్పుల్లో ఏది పెద్దదన్నది పక్కన పెట్టండి. ఎక్కువ నష్టం చేసింది ఆలస్యం.

అందుకే పనుల వరుస ముందే రాసి పెట్టుకోండి. మాట బయటికి వచ్చిన గంటలోపు అన్న మనిషితో అసలేమన్నారో పూర్తిగా చెప్పించుకోండి. సాయంత్రం వార్తల్లోపు అభ్యర్థి స్వయంగా తప్పు అనాలి, ప్రతినిధి కాదు. ‘ఎవరినైనా నొప్పించి ఉంటే’ అన్న మాట వాడకండి, అది క్షమాపణ కాదు, ఇంకో దెబ్బ. రాత్రికి ముందు ప్రత్యర్థికి నేరుగా ఫోన్. 2015 డిసెంబరులో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల తెరుచుకున్న క్లింటన్ ఓటర్ల డేటాను శాండర్స్ సిబ్బంది చూశారు. పార్టీ వారి ప్రవేశాన్ని ఆపేసింది, శాండర్స్ బృందం కోర్టుకెక్కింది. బాధ్యుణ్ని తొలగించి, 19వ తేదీ చర్చలో ఆయన నేరుగా ఆమెకు క్షమాపణ చెప్పారు. ఆమె అంగీకరించి విషయం మార్చారు. అంత పెద్ద గొడవా ఆ వేదిక మీద రెండు నిమిషాల్లో చల్లారింది.

మే నెలను విడిగా చెప్పుకోవాలి. నిద్రలేమి, గొంతు బొంగురు, ఒకే ప్రశ్న వందోసారి. 2008 మే 23న సౌత్ డకోటాలో ఒక పత్రిక సంపాదకులతో మాట్లాడుతూ, గతంలోనూ పోటీలు జూన్ దాకా సాగాయని చెప్పబోయిన క్లింటన్ 1968 జూన్‌లో రాబర్ట్ కెనెడీ హత్యను ఉదాహరణగా ఎత్తారు. ఆమె చెప్పాలనుకున్నది తేదీ గురించే. విన్నవారికి వినిపించింది వేరు. అదే రోజు విచారం చెప్పాల్సి వచ్చింది. పదిహేనో వారం దాటాక సంపాదకులతో గంట కూర్చోబెట్టకండి, ఇరవై నిమిషాలు చాలు. ‘ఇంకా ఎందుకు బరిలో ఉన్నారు’ అన్న ప్రశ్నకు ఒకే రెండు వాక్యాల జవాబు కంఠస్థం చేయించండి, ఉదాహరణలు నిషేధం.

నియమాలు, తటస్థత

ఓటమిని జనం దిగమింగుతారు. మోసపోయామన్న భావాన్ని దిగమింగరు. 2008లో మిషిగన్, ఫ్లోరిడా పార్టీ నిర్ణయాన్ని కాదని ప్రైమరీలను జనవరికి జరుపుకున్నాయి, శిక్షగా డెలిగేట్లను కోల్పోయాయి. చివరికి మే 31న నియమాల కమిటీ ఒక్కో డెలిగేటుకు అర ఓటు చొప్పున తిరిగి ఇచ్చింది. గెలుపు ఖాయమయ్యాక డెన్వర్‌లో పూర్తి ఓటు ఇచ్చేశారు. ఇందులో పనికొచ్చే పాఠం చివరి భాగమే: మీకు ఆ సంఖ్య అవసరం తీరిన వెంటనే, అవతలివాళ్లు అడిగింది ఇచ్చేయండి. అప్పటికి మీకు ఖర్చు లేదు, వారికి గౌరవం.

కమిటీలో పదవి ఉన్నవారు ఎవరి పక్షాన ఉన్నా ఆ సంగతి పార్టీ ఈమెయిల్లో రాయకండి. 2016 జూలై 22న డెమోక్రటిక్ పార్టీ జాతీయ కమిటీ ఈమెయిల్స్ బయటపడ్డాయి, అందులో సిబ్బంది శాండర్స్‌ను చిన్నబుచ్చిన మాటలున్నాయి. రెండు రోజుల్లో ఆ కమిటీ అధ్యక్షురాలు డెబ్బీ వాసర్మన్ షుల్ట్జ్ తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. మర్నాడే ఫిలడెల్ఫియా మహాసభ, సభలో ఈలలు, అరుపులు. నెలల తరబడి శాండర్స్ అనుచరులకున్న అనుమానానికి పార్టీయే సాక్ష్యం చేతికిచ్చినట్టయింది. 2018లో సూపర్ డెలిగేట్లకు, అంటే ప్రైమరీల ఫలితంతో నిమిత్తం లేకుండా మహాసభలో ఓటుండే పార్టీ పెద్దలకు, తొలి విడత ఓటు తీసేసే దాకా (ఫలితం ముందే తేలిపోయిన పోటీలో తప్ప) ఆ మంట ఆరలేదు.

ముందున్నవాడికి ఒక్క సూచన. అవతలివారిని తప్పుకోమనకండి, మీ మనుషుల్నీ అననీయకండి. 2008 మార్చి చివర సెనెటర్ పాట్రిక్ లేహీ క్లింటన్ తప్పుకోవాలన్నారు. ఆమె ఎంతకాలం కావాలంటే అంతకాలం పోటీ చేయవచ్చని మర్నాడే ఒబామా చెప్పారు. తరిమేశారన్న భావం కలిగితే ఓడినవారి అనుచరుల్లో సగం మంది ఆ రోజే వెళ్లిపోతారు.

ఓడిన రాత్రి నుంచి మహాసభ దాకా

2008 జూన్ 3 రాత్రి ఒబామాకు కావాల్సిన 2,118 మంది డెలిగేట్లు దాటారు. ఆ రాత్రి న్యూయార్క్‌లో క్లింటన్ ఓటమి ఒప్పుకోలేదు. నాలుగు రోజుల తర్వాత, జూన్ 7న వాషింగ్టన్‌లో ఒప్పుకున్నారు. ఆ నాలుగు రోజులు వృథా కాదు. గెలిచినవారు ఫోన్లు చేసి మాట్లాడుకోవడానికి, ఓడినవారు ఏడ్చి తేరుకోవడానికి కావాల్సినంత వ్యవధి. వారం దాటితే మాత్రం పుకార్లు మొదలవుతాయి. 2016లో చివరి ప్రైమరీ జూన్ 14న, శాండర్స్ మద్దతు జూలై 12న. నడుమ నాలుగు వారాలు ఖాళీ.

ఓటమి ప్రసంగం రాసేవారు ఈ వరుస పాటించండి. ముందు కార్యకర్తలకు కృతజ్ఞత, వారు సాధించినదాన్ని అంకెతో చెప్పాలి. క్లింటన్ తనకు పడ్డ కోటీ ఎనభై లక్షల ఓట్లను గాజు పైకప్పు మీద, అంటే మహిళల్ని పైకి రానివ్వని కనబడని అడ్డంకి మీద, పడ్డ పగుళ్లుగా చెప్పారు. తర్వాత గెలిచినవారి పేరు స్పష్టంగా, మొదటి పది నిమిషాల్లోపు, ‘మా పార్టీ అభ్యర్థి’ అని దాటవేయకుండా. పేరు చెప్పాక జనం అరుస్తారు, ఆగండి, మళ్లీ చెప్పండి. ఆ పైన, మనం కొట్లాడిన ఏ విషయం ఆ పేరుతో ముందుకు వెళ్తుందో ఒకటొకటిగా చెప్పాలి. ఆగస్టు 26న డెన్వర్‌లో ఆమె చేసింది ఇంకా గట్టిది. మీరు వచ్చింది కేవలం నా కోసమేనా, లేక ఆరోగ్య బీమా లేని ఆ తల్లి కోసమా అని సొంత అనుచరులనే నిలదీశారు. అలా అడిగే హక్కు ఓడిన మనిషికే ఉంటుంది. గెలిచినవాడు అడిగితే అహంకారం.

గెలిచినవారి పనులు మాటల కంటే లెక్కల్లో ఎక్కువ. ఒకటి అప్పు. క్లింటన్ ప్రచారం రెండు కోట్ల డాలర్ల పైచిలుకు బాకీతో ముగిసింది. ఒబామా, మిషెల్ చెరో 2,300 డాలర్ల చెక్కు రాశారు, అప్పట్లో ఒక్కొక్కరు ఇవ్వగల గరిష్ఠం అదే. ప్రైమరీ బాకీ కోసం ఇచ్చే విరాళం ఆ దాత ప్రైమరీ పరిమితిలోకే వస్తుంది కాబట్టి, అవతలి అభ్యర్థికి ఇప్పటిదాకా ఏమీ ఇవ్వని మీ పెద్ద దాతలే ఇందుకు సరైనవారు. ఆ జాబితా జూన్ మొదటి వారంలోనే సిద్ధంగా ఉండాలి. రెండు ఉద్యోగాలు: ఓడిన ప్రచారంలోని క్షేత్రస్థాయి నిర్వాహకులను వారు పనిచేసిన జిల్లాల్లోనే తీసుకోండి. పరిచయాలన్నీ అక్కడే ఉంటాయి.

మూడోది కార్యక్రమం. 2020లో శాండర్స్ ఏప్రిల్ 8న ప్రచారం ఆపి, 13న బైడెన్‌కు మద్దతిచ్చారు. మేలో ఆరు అంశాల మీద ఆరు ఉమ్మడి బృందాలు వేశారు: ఒక్కోదానిలో ఎనిమిది మంది, ఐదుగురు బైడెన్ మనుషులు, ముగ్గురు శాండర్స్ మనుషులు, ప్రతి బృందానికీ చెరో అధ్యక్షుడు. ఆరోగ్య బృందాన్ని ప్రమీలా జయపాల్, వివేక్ మూర్తి నడిపారు. జూలైకి 110 పేజీల సిఫార్సులు వచ్చాయి. అందరికీ ప్రభుత్వ బీమా అన్న శాండర్స్ ప్రధాన కోరిక అందులో లేదు. అయినా కూర్చుని రాసినవారు దాన్ని తమదిగా మోశారు. నిష్పత్తి గమనించండి. సగం సగం ఇస్తే గెలిచినవారు ఒప్పుకోరు, ఒక్కరికే చోటిస్తే అలంకారం అవుతుంది.

ఇక వేదిక. 2008 జూన్ 27న ఒబామా, క్లింటన్ న్యూహాంప్‌షైర్‌లోని యూనిటీ అనే చిన్న ఊళ్లో కలిసి కనిపించారు. ప్రైమరీలో ఆ ఊరు ఇద్దరికీ సరిగ్గా 107 ఓట్ల చొప్పున ఇచ్చింది. ఊరి పేరు ఐక్యత అనే అర్థం, అంతకంటే తేలికైన శీర్షిక పత్రికలకు ఎక్కడ దొరుకుతుంది! డెన్వర్‌లో ఆమె పేరునూ నామినేషన్‌కు పెట్టి ఓట్ల లెక్కింపు మొదలుపెట్టారు. న్యూయార్క్ వంతు వచ్చినప్పుడు ఆమే లేచి, లెక్కింపు ఆపి ఒబామాను ఏకగ్రీవంగా ఎన్నుకుందామని ప్రతిపాదించారు. అనుచరులకు ఓటేసే గౌరవం దక్కింది, పార్టీకి చీలిక కనబడలేదు. దీన్ని 1980 ఆగస్టుతో పోల్చండి. జిమ్మీ కార్టర్ చేతిలో ఓడిన ఎడ్వర్డ్ కెనెడీ గొప్ప ప్రసంగం చేశారు, కానీ చివరి రాత్రి వేదిక మీద కరచాలనంతో సరిపెట్టి, చేతులు కలిపి పైకెత్తే ఫొటో ఇవ్వలేదు. అధ్యక్షుడు వేదికంతా ఆయన చుట్టూ తిరుగుతున్నట్టు టీవీల్లో కనబడింది. కార్టర్ ఓటమికి ద్రవ్యోల్బణం, ఇరాన్ బందీల సంక్షోభం పెద్ద కారణాలు, ఫొటో కాదు. అయినా ఎవరు ఎటు నుంచి వస్తారో, ఎన్ని సెకన్లు నిలబడతారో, చేతులు ఎత్తాలా వద్దా అన్నది రెండు బృందాలూ ముందురోజే కాగితం మీద రాసుకోవాలి. 2016లో క్లీవ్‌లండ్‌లో టెడ్ క్రూజ్ ట్రంప్ పేరుకు మద్దతు ప్రకటించకుండా ‘మనస్సాక్షి ప్రకారం ఓటేయండి’ అంటే సభ గగ్గోలు పెట్టింది. మద్దతిస్తారో లేదో తేలని మనిషికి ప్రధాన సమయం ఇవ్వకండి.

ఎంతమంది తిరిగొస్తారు? 2008 మార్చిలో గాలప్ సర్వేలో క్లింటన్ మద్దతుదారుల్లో 28 శాతం మెకెయిన్‌కే వేస్తామన్నారు. నవంబరులో ఓటు వేసి వచ్చినవారిని అడిగితే, ఆమెను కోరుకున్న డెమోక్రాట్లలో నూటికి 80 మందికి పైగా ఒబామాకే వేశామన్నారు. 2016లో విశ్వవిద్యాలయ పరిశోధకుల పెద్ద సర్వే ఒకదాని ప్రకారం శాండర్స్‌కు ప్రైమరీలో వేసినవారిలో సుమారు 12 శాతం ట్రంప్‌కు వేశారు. అది 2008 కంటే తక్కువే. కానీ మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడింటిలో కలిపి ట్రంప్‌కు క్లింటన్ మీద వచ్చిన ఆధిక్యం 78,000 ఓట్ల లోపే. కాబట్టి వసంతకాలపు సర్వే చూసి బెంబేలు పడనక్కర్లేదు, ‘ఎక్కడికి పోతార్లే’ అని నిద్రపోనూ కూడదు.

జూన్‌లో మొదటి వారం ఆ నాలుగులకూ ఐదులకూ చేసే ఫోన్లు ఓడిన శిబిరం వాలంటీర్ల చేతే చేయించండి. మొదటి ఫోనులో ఓటు అడగొద్దు. ‘మన అభ్యర్థి ఓడిపోయారండీ, బాధగానే ఉంది. మీరెలా ఉన్నారు?’ అని అడిగి, పది నిమిషాలు వాళ్లు చెప్పేది వినండి. వాళ్లు ఏ అంశం ఎత్తారో గడిలో రాసుకోండి. రెండో ఫోను మూడు వారాల తర్వాత, ఆ అంశం మీదే.